కుంకుమతో రెండు గుర్తులు

నా చిన్నప్పుడు గద్వాలలోని మా నేతగాళ్ల వీధికి ఓట్ల రోజులు వచ్చాయంటే నాకు భయం పట్టుకునేది. బయట మైకులు మోగుతుంటే మా ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. వీధి మొత్తానికి పట్టూ నూలూ ఇచ్చేది ఒక్క షావుకారే. ఆయన ఏ గుర్తు చెబితే వీధంతా ఆ గుర్తుకే. బడిపంతుళ్లూ, ఆఫీసు ఉద్యోగులూ ఉండే పై వీధి వాళ్లది మరో గుర్తు. చదువుకున్నవాళ్లు అటు, మగ్గం మీద బతికేవాళ్లు ఇటు. రంగురూపుల్లాగే ఇదీ పుట్టుకతో వస్తుందనుకునేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు ఆ నమ్మకం కదిలింది. మా వీధిలో మొట్టమొదట పదో తరగతి పాసయింది పక్కింటి అక్క. పై వీధి వాళ్ల పార్టీ గెలిస్తే ఆడపిల్లల హైస్కూలు మన దగ్గరికే వస్తుందని ఆమె ఇంటింటికీ చెప్పింది. నా ఐదో తరగతి అయిపోవచ్చింది. ఆ తర్వాత నా చోటు మగ్గం దగ్గరే, తాత పక్కన కూర్చుని పట్టు అంచుకు పోగు నడిపే నాడె అందించడమే. మా తాతయ్యకు నన్ను చదివించాలని ఉన్నా పైకి అనలేదు. ఎవరి ఓటు ఎటు పడిందో తమకు తెలిసిపోతుందనీ, అటు తిరిగిన ఇంటికి ఇక పట్టు రాదనీ షావుకారు గుమాస్తా అప్పటికే చెప్పిపోయాడు. పట్టు రాకపోతే మగ్గం ఆడదు, మగ్గం ఆడకపోతే పొయ్యి వెలగదు.

ఓట్లకు ముందురోజు మధ్యాహ్నం అక్క నమూనా ఓటు కాగితాలు తెచ్చింది. తాతకు అక్షరం ముక్క రాదు. దారం చుట్టే కండెను తడి కుంకుమలో ముంచి ఒక గుర్తు మీద గుద్దాడు. తర్వాత చేతి అలవాటు కొద్దీ, చీర మడిచినట్టు పై అంచును కింది అంచు మీదికి తెచ్చి మడిచాడు. విప్పి చూస్తే ఎరుపు రెండో గుర్తుకూ అంటుకుంది. ఇన్నేళ్లుగా మా వీధి ఓట్లు ఎన్ని ఇలా చెల్లకుండా పోయాయో అని అక్క తల పట్టుకుంది. "చీర గాదు తాతా, నిలువుగ మడువు," అంది.

తాత మళ్లీ మొదలుపెట్టాడు. ఒకసారి షావుకారు గుర్తు మీద, ఒకసారి పై వీధి వాళ్ల గుర్తు మీద, పొద్దు వాలేదాకా అదే పని. రెండిటి మీదా ఎందుకని అడిగాను.

"రెండూ చూడు బిడ్డా. ఒక్కటే చూస్తే అదే యాదుంటది," అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను.

గెలిచింది షావుకారు పార్టీయే. అయితే అప్పట్లో ఏ పెట్టెకాపెట్టె విడిగా లెక్కపెట్టేవారు. మా వీధి పెట్టెలో పై వీధి గుర్తుకూ కొన్ని ఓట్లు తేలాయి. గుమాస్తా ముందుగా చివరింటికి వెళ్లి, పెద్దవాళ్లను వదిలేసి పిల్లలను అడిగాడు. వాళ్లు ఇంట్లో విన్నది విన్నట్టు చెప్పేశారు. మర్నాటి నుంచి ఆ ఇంటి మగ్గం చప్పుడు వినపడలేదు.

తర్వాత మా ఇంటికి వచ్చాడు. తాతను పలకరించి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీ తాత ఏ గుర్తుకు గుద్దిండు బిడ్డా? జర చెప్పు."

గొంతు ఎంత మెత్తగా ఉందో నాకు అంత భయం వేసింది. నాడె తాతకు అందించాను. నాకు అబద్ధమాడటం రాదు, ఆడితే ముఖమే పట్టిస్తుంది. తాత ఎటు గుద్దాడో గుర్తు తెచ్చుకోబోతే కళ్ల ముందు రెండు గుర్తులూ ఎర్రగానే కనబడ్డాయి.

"తెల్వదు," అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూసి, లేచి వెళ్లిపోయాడు. తాత అంతసేపూ నేత ఆపలేదు. కానీ అప్పుడు నేసిన జానెడు అంచులో పోగులన్నీ తప్పాయి, మర్నాడు విప్పి మళ్లీ నేశాడు. హైస్కూలు మా దగ్గరికి రాలేదు. ఆ ఏడు బడులు తెరవగానే నాడెను మా నాయనమ్మ చేతికిచ్చి, దూరంలో ఉన్న హైస్కూలుకే నన్ను పంపాడు. ఎటు గుద్దాడో పోయేదాకా చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అంతా తలకిందులైంది. డిగ్రీ చదివిన మనవడు ఒకప్పటి షావుకార్ల పార్టీ అంటాడు, మగ్గం మీదున్న అల్లుడు పై వీధి వాళ్ల పార్టీ అంటాడు. అన్నాల దగ్గర ఒకరినొకరు చదువురానివాడని, చదివి చెడినవాడని తిట్టుకుంటారు. సర్వే అంటూ ఎవరో ఫోన్ చేసి నా చదువెంత, మాదేం పని, ఓటెటు అని మర్యాదగా అడుగుతారు. గుమాస్తా కూడా మర్యాదగానే అడిగాడు. నేను ఫోన్ పెట్టేస్తాను.

మొన్న ఓటేసి బయటికొస్తే, నా వెంట వచ్చిన ఎనిమిదేళ్ల మునిమనవరాలు నా చెంగు పట్టుకుని అడిగింది.

"ఎటేసినవ్ అవ్వా?"

ఆ పిల్ల వేలు పట్టుకుని, గోడకు అంటించిన నమూనా కాగితం దగ్గరికి తీసుకెళ్లి, అందులోని గుర్తులన్నీ ఒక్కటి కూడా వదలకుండా చూపించాను.