బావ జీపూ, నలగని నిమ్మకాయలూ

మా బావ పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ జీపు కొని, దాన్ని నడుమెత్తు లేపించి, ట్రాక్టరుకుండేలాంటి టైర్లు వేయించాడు. ఈ రోజు సుబేదారిలో ఇంటి ముందే బండి పూజ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు కదిలించాడు. కాయలు టైరు గాడుల్లో ఇరుక్కుని, ఓ చుట్టు తిరిగి, చెక్కుచెదరకుండా కింద పడ్డాయి. మూడుసార్లూ అంతే.

“గుట్టలెక్కుతదంటివి కదరా, నిమ్మకాయ తొక్కుడు రాదా దీనికి?” అంది బావ వాళ్లమ్మ, మా అత్తమ్మ.

“టైర్లకు గాడులు లోతున్నయమ్మా, జర ఆగు.”

అత్తమ్మ ఆగలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నాలుగు కాయల్నీ మడమతో చితక్కొట్టి, “ఇగ పో బిడ్డా” అంది.

హారతి పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది. బండికివ్వాలా, అత్తమ్మ కాలికివ్వాలా? తొందరగా చెప్పండి, కర్పూరం అయిపోతోంది.