రంగుటద్దాల గదిలో ప్రార్థన

రాయడం నాకు కొత్త. తప్పులుంటే మన్నించండి.

లండన్‌లో నర్సుగా పనిచేసే మా అమ్మాయి ఓ రోజు నాకూ మా ఆవిడకూ ఒక పాత భవనం చూపించి, "ఇది సూడాల్సిందే నాన్నా. లోపల కూకోండి, ఫోన్ మాటాడి వస్తన్నాను" అంది. లోపల నగిషీలు చెక్కిన నల్లటి చెక్క, కిటికీలకు రంగుటద్దాలు, పొడుగు బల్లలు. మా చోడవరంలో చర్చికి వెళ్ళినట్టే గుమ్మం దగ్గర చెప్పులు వదిలాను. మా ఆవిడ నెత్తిన చెంగు వేసుకుంది. ఇద్దరం తలలు వంచి ప్రార్థన చేశాం.

కళ్ళు తెరిస్తే, పక్క బల్ల దగ్గర ఒక తెల్ల ముసలాయన టోపీ తీసి మా కోసం నిశ్శబ్దంగా కూర్చున్నాడు. ఆయన ముందు బీరు గ్లాసు ఉంది.

అప్పుడే వచ్చిన అమ్మాయి పగలబడి నవ్వింది. "నాన్నా, ఇది పబ్బు! సెప్పులిప్పేసేవేటి?"

మా ఆవిడ నన్ను కొరకొరా చూసింది. "తాగుడు మానేసి ఆరేళ్ళయింది కదా! పార్దనకి నీకు సారాకొట్టే దొరికిందేటి?"

ఏం ప్రార్థించానని ముసలాయన అడిగాడు. ఈ చలికి పొద్దున్నుంచి తాగాలనిపిస్తోందని, ఆ బుద్ధి తీసెయ్యమని అడిగానని చెప్పాను. అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. మా ఆవిడకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఆయన తన గ్లాసు చూసుకుని, "మీ దేవుడు వింటే నా పేరు కూడా చెప్పండి. కానీ రేపటి నుంచి. ఇది ఇప్పుడే పోయించుకున్నాను" అన్నాడు.

మా ఆవిడ నవ్వేసింది. ఆరేళ్ళుగా నేను బయటి నుంచి రాగానే నోరు వాసన చూస్తుంది. పబ్బులోంచి వచ్చిన ఆ రోజు మాత్రం చూడలేదు.