దక్షిణం వైపు కప్పు

జ్ఞానప్రసూన పగ పట్టిందంటే ఎవరూ నమ్మరు. అమెరికాలో ఉత్తరాన, వానలెక్కువ పడే బాతెల్ ఊళ్లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ విన్నది లేదు. కానీ పట్టింది, ఏడేళ్లు మోసింది. పక్కవీధిలో ఉంటాను కాబట్టి నాకు తెలుసు. నేనూ ఓ చెయ్యి వేశాను కాబట్టి ఇంకా బాగా తెలుసు.

మనవాళ్లు ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు ముందు స్కూళ్లు చూస్తారు, తర్వాత ఫోన్ తీసి దిక్కులు చూస్తారు. గుమ్మం తూర్పుకుంటే ఎగబడతారు. దక్షిణానికుంటే కారు కూడా దిగరు. ప్రసూన, ఆమె భర్త పద్మనాభం అలా ఎవరూ దిగని ఇల్లే కొనుక్కున్నారు. గృహప్రవేశమైన రెండు నెలలకి పద్మనాభం గుండెపోటుతో పోయాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి.

పరామర్శకి వచ్చినవాళ్లలో కేశవరావు గారొకరు. మా అందరికీ వాస్తు చెప్పే పెద్దమనిషి. ఎవరూ అడగకపోయినా చెబుతాడు. హాల్లో పాతికమంది కూర్చుని ఉండగా అన్నాడు: "సౌత్ ఫేసింగ్ వద్దని చెప్పానా అమ్మా? యముడి దిక్కు. విన్నారా? చూడు, మనిషిని మింగేసింది ఈ ఇల్లు."

ప్రసూన లేచింది. కాఫీ కప్పులు తీసి సింక్‌లో పెట్టింది. ఆ రోజు నుంచి ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ మాటని ఆయన నోటితోనే, పదిమందిలో వెనక్కి తీయించాలి.

నాలుగేళ్లు గడిచాక ఇంటి మీద సోలార్ పెట్టిస్తానంది. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లో కేశవరావు గారు పగలబడి నవ్వాడు. "బాతెల్‌లో సోలారా? మా అబ్బాయి ఉండే చాండ్లర్‌లో అయితే సరే, ఎడారి ఎండలు. ఇక్కడ ఆ పలకల మీద నాచు పడుతుందమ్మా, కరెంట్ రాదు."

సోలార్ కంపెనీ నుంచి ఒక అమెరికన్ అమ్మాయి వచ్చి ఇంటి చుట్టూ తిరిగింది. ముందు వైపు కప్పంతా దక్షిణానికే వాలి ఉంది, ఎక్కడా చెట్టు నీడ లేదు, ఈ వీధిలో ఇంత మంచి కప్పు ఇంకోటి లేదు అని చెప్పింది. ఇంత ఉత్తరాన మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడట. ప్రసూన మళ్లీ చెప్పమంది. ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది. "రేణూ, విన్నావా?" అంటూ ప్రసూన నా చెయ్యి గిల్లింది. ఆ కమిలిన మచ్చ రెండు రోజులుంది.

డిసెంబర్‌లో మాత్రం ఏడుపే. నెలంతా కలిపి రెండు వందల యూనిట్లు రాలేదు. కేశవరావు గారు పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ అడిగాడు. ప్రసూన ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన నవ్వంతా విని, ఫోన్ పెట్టేసింది. జూలై వచ్చింది. ఇక్కడ జూలైలో తొమ్మిదింటిదాకా వెలుతురే, పైగా పలకలు మరీ కాగిపోని చల్లదనం. పదమూడు వందల యూనిట్లు దాటాయి. ఎండాకాలంలో మిగిలింది కరెంట్ కంపెనీకి వెళ్లి మా లెక్కలో జమై, చలికాలం వానల్లో తిరిగొచ్చింది. మార్చి ఆఖరికి చూస్తే, ఏడాదంతా ఇల్లు వాడుకున్న కరెంట్‌ని ఇల్లే తెచ్చుకుంది.

ఇంకేం, కేశవరావు గారికి కడుపు మండింది. తనూ పెట్టిస్తానన్నాడు. ఆయన ఇల్లు తూర్పు ముఖం, ఎదురుగా పార్కులో ఆకాశాన్నంటే ఫర్ చెట్లు. కంపెనీవాళ్లు వద్దన్నారు. "సూర్యుడు ఎటు పుడతాడో నాకు చెప్పొచ్చారా?" అని ఎగిరాడు. మాకూ వినిపించాడు ఆ మాట.

"సూర్యోదయం మీ గుమ్మంలోనే కదా అన్నయ్యగారూ! మీకు తెలియనిదేముంది?" అంది ప్రసూన తేనె పూసినట్టు.

కారెక్కాక అడిగాను. "అక్కడ ఎండ పడదని ఒకమాట చెబుదామా ఆయనకి?"

"నోరెత్తావంటే నీతో మాట్లాడను."

నేను నోరెత్తలేదు. నాకూ సరదాగానే ఉంది, దాపరికమెందుకు?

ఆయన పంతం పట్టి తూర్పు వైపు కప్పు మీదే పలకలు పెట్టించాడు. చెట్ల నీడ దాటి ఎండ పడేసరికి మధ్యాహ్నమయ్యేది. కాసేపటికే సూర్యుడు కప్పుకి అవతలి వైపు వాలేవాడు. ఏడాదికి ప్రసూన ఇంటికొచ్చినదాంట్లో సగం కూడా రాలేదు. పోయిన మార్చిలో మా ఇంట్లో పాట్‌లక్ జరిగినప్పుడు ఆయన ఫోన్‌లో కరెంట్ లెక్క పట్టుకొచ్చి అందరి ముందే అడిగాడు. "అమ్మా ప్రసూనా, కాస్త చూడు. మన రెండిళ్లవీ అవే పలకలు. నాకెందుకిలా?"

ప్రసూన చేతిలో ప్లేటు కింద పెట్టింది.

"నాది సౌత్ ఫేసింగ్ కదండీ. మనుషుల్ని మింగే ఇల్లు."

"అవేం మాటలమ్మా? ఎవరన్నారు?"

"మీరే. మా ఆయన పోయినప్పుడు, మా హాల్లో."

"నేనా? ఛ ఛ. నాకు గుర్తే లేదు."

నిజంగానే గుర్తులేదు ఆ మహానుభావుడికి! నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు మూలన కూర్చున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది. "అన్నారు. నేను పక్కనే ఉన్నాను."



"ఇప్పుడు చెప్పండి, ఆయన పోయింది ఇంటివల్ల కాదని" అంది ప్రసూన.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఆదుకునేవాళ్లు లేరు. నేలచూపులు చూస్తూ గొణిగాడు. "ఇంటివల్ల కాదమ్మా."

"వంటింట్లో ఉన్నవాళ్లకి వినపడలేదు."

ఆయన మెడ ఎర్రబడింది. గట్టిగా చెప్పాడు.

ఆ సాయంత్రం ప్రసూనని ఇంటి దగ్గర దింపడానికి వెళ్లాను. గెలిచిన మనిషి, నవ్వుతుందనుకున్నాను. కారు ఆపినా దిగలేదు. సీటుబెల్టు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"కేశవరావు గారు అన్నందుకు కాదే రేణూ. ఇల్లు చూసి ఇష్టపడింది నేను. మా ఆయన వద్దన్నా పట్టుబట్టి కొనిపించాను. నేనే చంపుకున్నానేమోనని... ఏడేళ్లూ నేనూ నమ్మాను."

కేశవరావు గారి చేత మూడోసారి కూడా చెప్పించకుండా వదిలేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.