భిక్షపతి ఖాతాలో పడ్డ రూపాయి

సకల జనుల సమ్మె జోరుగా సాగుతున్న రోజులవి. జీతాలు లేక, ఆ దసరాకు సిద్దిపేటలో కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లే కరువయ్యారు. దర్జీ అమీనుద్దీన్ రోజంతా ఖాళీ మిషను ముందు కూర్చునేవాడు. ఎదుటి దుకాణం భిక్షపతిది. అతనికి కాజాలు కుట్టడం దగ్గర్నుంచి పని నేర్పింది అమీనుద్దీనే.

అప్పుడే హైదరాబాద్ వ్యాపారి ఒకాయన వచ్చి, ఊళ్లో జరిగే సభకు కండువాలు కుట్టాలంటూ ఇద్దరి ఖాతా నంబర్లూ రాసుకున్నాడు. "ముందుగాల చిల్లర పైసలు ఏస్త. ఎంత పడ్డయో ఫోన్ల చెప్పున్రి. నంబర్ కరెక్టని తేలినంకనే బట్ట పంపుత," అన్నాడు.

రెండ్రోజులకు భిక్షపతి ఫోన్ పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. "ఉస్తాద్, రూపాయి పన్నెండు పైసలు పడ్డయని మెసేజ్ వచ్చింది! మీకో?"

"నాకేం రాలే."

ఆ రూపాయి అమీనుద్దీన్ గుండెలో ముల్లులా దిగింది. తన కుట్టుకు ఏం తక్కువ? వీడే వ్యాపారి చెవిలో ఏదో ఊది ఉంటాడు. ఎదురుగా బట్ట మూటలు దిగుతుంటే చూడలేక మిషను అటు తిప్పుకుని కూర్చున్నాడు. భిక్షపతి పలకరిస్తే ముఖం తిప్పుకున్నాడు.

"ఆ పిలగాడు ఏం జేసిండని?" అని భార్య రబియాబీ అడిగితే, కంచం ముందు నుంచి లేచిపోయాడు.

బందులు ముగిసి బ్యాంకు తెరవగానే వెళ్లి అడిగాడు. గుమాస్తా కంప్యూటర్‌లో చూశాడు. "మీకూ గదే దినం పడ్డయి, రూపాయి నలభై పైసలు. మీ ఫోన్ నంబర్ ఖాతకు ఎక్కియ్యలేదు, గందుకే మెసేజ్ రాలే."

బయటికొచ్చి వ్యాపారికి ఫోన్ చేశాడు. "మీరు జవాబు చెప్పకపోతిరి. ఆర్డర్ మొత్తం ఆయనకే ఇచ్చిన," అన్నాడాయన.

ఇక తిట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. అయినా మంట చల్లారలేదు.

ఆ సాయంత్రమే భిక్షపతి ఒక మూట భుజాన వేసుకొచ్చాడు. "ఒక్కనితోని అయితలేదు ఉస్తాద్. సగం మీరు కుట్టున్రి, సగం పైసలు మీయే."

"నీ కింద పనిజెయ్యాల్నారా?"

"కింద ఎందుకైతది? మీ దుకాణంలనే కుట్టున్రి."

అమీనుద్దీన్ మిషను మీద పేరుకున్న దుమ్ము తుడిచాడు. తర్వాత మూట విప్పాడు.

సభ రోజున ఊరేగింపు అటుగా వెళ్తుంటే, కండువాలు బాగున్నాయని జనం భిక్షపతిని మెచ్చుకున్నారు. "సగం మా ఉస్తాదే కుట్టిండు!" అని అతను గట్టిగా అరిచి చెప్పాడు.

అందరూ అమీనుద్దీన్ వైపు తిరిగి నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ పని నేర్పినవాడికి సగమేనా అన్న ముల్లు లోపల అలాగే ఉండిపోయింది.