కమిటీకి చెప్పని ఫోను

ఏళ్ల తరబడి ఒక నిజాన్ని గొంతులో అదిమిపెట్టుకుని వేదికలెక్కాను. "రుజువేదీ?" అని అడగడమే నా వృత్తి, నా గర్వం. ఆ మాట అన్న ప్రతిసారీ లోపల ఎవరో నన్నూ అదే అడుగుతారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను ఒక తనిఖీ సంస్థకు సలహాదారుని. ప్రభుత్వ పనులు కాగితం మీద ఉన్నట్టే నేల మీదా ఉన్నాయా అని ఊరూరా చూసి, గ్రామసభలో చదివి వినిపించడం ఆ సంస్థ పని. మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి చేశారన్న నెపంతో ఆడవాళ్లను కొట్టి తరిమే మూఢత్వం మీద నేను రాసిన వ్యాసాలు చూసి పిలిచారు. చిక్కల్లా ఒక్కటే. మేం ఏ శాఖ పనులు తనిఖీ చేయాలో, మా బడ్జెట్ విడుదల చేసేదీ ఆ శాఖే.

పెదబయలు దాటాక కొండ మీద ఒక ఊరికి రోడ్డు వేసినట్టు కాగితాల్లో ఉంది. అక్కడ రోడ్డు లేదు. మా బృందంలోని బుద్రమ్మ ఆ కొండల మనిషే. ఇంటింటికీ తిరిగి వాంగ్మూలాలు తీసుకుంటోంది. గ్రామసభ ఇంకా జరగలేదు. నేను మా డైరెక్టరు గదిలో ఉండగా శాఖ నుంచి ఫోను వచ్చింది. ఆయన విని పెట్టేశాడు.

"మన బడ్జెట్ ఫైలు వాళ్ల బల్ల మీదే ఉందట. ఆ ఊరి నుంచి మనవాళ్లను దింపేయండి. మీరు చెబితే వింటారు," అన్నాడు.

నేను బుద్రమ్మకు ఫోను చేశాను. కాగితాలు తీసుకుని దిగిపొమ్మన్నాను. ఎందుకని అడిగింది. పైనుంచి మాట అన్నాను. ఆఫీసుకు చేరిన ఆ కాగితాలు మళ్లీ ఎవరి కంటా పడలేదు.

ఎందుకు చేశాను? జీతం కోసమా? అంత చిన్న కారణమైతే ఒప్పుకోవడం తేలిక. సంస్థ బతికుంటే మిగతా ఊళ్లలోనైనా తనిఖీ జరుగుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, ఆ నచ్చజెప్పుకోవడంలో ఎంత హేతువుందో, ఎంత పిరికితనముందో ఇప్పటికీ విడదీయలేకపోతున్నాను.

కొన్నాళ్లకు శాసనసభ కమిటీ అరకు వచ్చింది. సంస్థ నిర్వహణ సవ్యంగా ఉందా, దానికి శాఖతో నిమిత్తం లేని సొంత బడ్జెట్ ఇవ్వాలా అన్నది తేల్చడానికి. సంస్థ సలహాదారుగా నన్నూ పిలిచారు. శాఖ ఒత్తిడి చేసిందని ఒక్క ఊరి సంగతి తేలినా చాలు, ఇవ్వమని సిఫారసు చేసేవారు. బుద్రమ్మ ఆ ఊరి పెద్దలను వెంటబెట్టుకొచ్చింది. చేతిలో కాగితం లేదు కనుక వాళ్లు తమ పద్ధతే పాటించారు. ఊరి దేవత రాయి దగ్గరి మట్టి నాలికకు రాసుకుని, తనిఖీ మధ్యలో ఆపించారని ప్రమాణం చేశారు. మట్టి నోట పెట్టుకుని అబద్ధమాడితే ఆ నేల పంటనివ్వదని వాళ్ల నమ్మకం.

అధ్యక్షుడు మైదానం మనిషి, హాస్యగాడు. "మట్టి నాకితే సాక్ష్యమైపోద్దేటమ్మా? ఆర్డరు కాయితం ఏదీ?" అన్నాడు. సభ్యులు నవ్వారు.

"కాయితం నేదు బాబూ. ఫోన్ల పిలిసేరు. పిలిసినోరు ఈ గదిలోనే ఉన్నారు. ఆరే సెబుతారు," అంది బుద్రమ్మ.

నా పేరు చెప్పలేదు. నా వైపు చూడనైనా లేదు. నేనే లేచి చెబుతానని నమ్మింది.

"అదెవరో తర్వాత సూద్దాం. మేస్టారూ, ఇలాటివాటి మీద మీరు రాస్తారు గదా. ఇది సాక్ష్యమేనా?" అని అధ్యక్షుడు నన్నే అడిగాడు.

ఒక్క వాక్యం చాలు. నేను ఉపన్యాసమిచ్చాను. ప్రమాణం నమ్మకమే కానీ రుజువు కాదన్నాను. ఇలాంటి ప్రమాణాలతోనే నిన్న ఒక ఆడమనిషిని చిల్లంగి అన్నారు, రేపు ఇంకొకరిని అంటారు, శాసనసభే దీనికి విలువిస్తే ఇక చదువెందుకని నిలదీశాను. బల్లలు చరిచారు. ఆ మాటల్లో ఒక్కటీ తప్పు కాదు. ఈ రోజుకీ ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోలేను. నేను చిక్కుకున్నది అక్కడే. నిజాలనే పేర్చి అబద్ధం కట్టాను. రుజువు లేదన్నాను. ఆ రుజువు నేనే.

వరండాలో బుద్రమ్మ ఎదురైంది.

"మేస్టారూ, మీకు దేవుడంటే భయం నేదు గదా?"

"లేదు."

"దెయ్యమంటే?"

"లేదమ్మా."

"మరి ఎవులికి భయపడ్డారు?"

నవ్వుతూనే అడిగింది. నేను కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఒత్తిడికి ఆధారాలు లేవని కమిటీ రాసింది. బడ్జెట్ శాఖ చేతిలోనే ఉండిపోయింది. బుద్రమ్మను తర్వాతి బృందంలోకి తీసుకోలేదు. ఆ ఊరివాళ్లు రోడ్డు అడిగితే, వేసిన రోడ్డుకు మళ్లీ మంజూరు ఎలా ఇస్తామంటున్నారు. జ్వరమొచ్చినవాళ్లను ఇంకా డోలీలోనే మోసుకొస్తున్నారు.

తర్వాతైనా ఎందుకు చెప్పలేదు? చెబితే, చూశారా, మట్టి ప్రమాణమే గెలిచిందంటారని వెనక్కి తగ్గాను. హేతువాదం పరువు కాపాడుతున్నాననుకున్నాను. కాపాడింది ఎవరి పరువు?

నన్ను క్షమించమని బుద్రమ్మను అడగను. ఆ బరువు కూడా ఆమె మీద పెట్టలేను. ఆ కమిటీ గడువు ఎప్పుడో తీరిపోయింది. అయినా ఆ రోజు చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నాను. అధ్యక్షా, శాఖ నుంచి ఫోను వచ్చిన మాట నిజం. మా సంస్థ తనిఖీ ఆపించిన మాట నిజం. బుద్రమ్మను కొండ దిగమని పిలిచింది నేను.