గాజు గిన్నెలో పెరుగు పొరలు

నా బడి అయిదో తరగతితో ఆగిపోయింది. కానీ ఇరవై ఏళ్లు వచ్చేసరికి సూళ్లూరుపేట లైబ్రరీలో రెండో బీరువా మూడో అరదాకా వరసగా చదివేశాను. కథలే కాదు, తేనెటీగల పెంపకం, ఇటుకల తయారీ, ఏది చేతికొస్తే అది. మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టి బతికే ఇల్లు. మా పల్లెలో పుస్తకం పట్టిన ఆడపిల్ల ఇంకొకతె లేదు. ఆ గర్వం నాకు దండిగానే ఉండేది.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో లైబ్రేరియన్ గారు ఒక మాట చెప్పారు. ఇక మీదట శుక్రవారం మధ్యాహ్నాలు రెండేసి గంటలు ఆడవాళ్లకేనట. ఆ రెండు గంటలూ బీరువాల తాళాలు ఒక ఆడమనిషి చేతిలోనే ఉంటాయట. ఎవరన్నది మొదటి శుక్రవారం చదవడానికి వచ్చే ఆడవాళ్లే తేల్చుకోవాలట. ఆ తాళాలు నాకు కావాలనిపించింది. అంతగా ఇంకేదీ కోరుకున్నట్టు గుర్తులేదు.

ఆ కోరిక ఒక్క స్నేహితురాలికే చెప్పాను. ఆమె స్టేషన్లో పార్సిల్ గుమాస్తా గారి కూతురు, స్కూల్ ఫైనల్ పాసయింది. మా ఇంటికి వచ్చి నులకమంచం మీద నాతో కలిసి చదువుకునేది.

"చదివిన వంటేదన్నా చేసి పట్టకపో మే. తిన్న నోటితో ఎవురూ కాదనలేరు" అనింది.

పత్రికలో పొయ్యి వెలిగించకుండా చేసే దొరల తీపి ఒకటి ఉంటే, దాన్ని ఎంచుకున్నాం. గట్టి పెరుగును పలచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీసి, నీళ్లన్నీ కారిపోయాక చక్కెర, ఏలకుల పొడి కలపాలి. గాజు గిన్నెలో బిస్కట్ల పొడి ఒక పొర, పెరుగు ఒక పొర, మళ్లీ బిస్కట్లు, మళ్లీ పెరుగు. ఆపైన చల్లటి పెట్టెలో నాలుగు గంటలు ఉంచాలి. గాజు గిన్నె తను వాళ్లింటి నుంచి తెచ్చిచ్చింది. చల్లటి పెట్టె మా ఇంట్లోనే ఉంది. మద్రాసుకు రొయ్యలు పంపే చెక్కపెట్టె, నిండా ఐసు. డాక్టరు గారింట్లో కూడా లేనిది మా ఇంట్లో ఉందని మురిసిపోయాను. పెట్టెను చింతపండుతో, బూడిదతో మూడుసార్లు తోమాను. లోపల తల పెట్టి వాసన చూశాను. ఏమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం నన్ను పిలుచుకుపోవడానికి తను వచ్చింది. గిన్నె బయటికి తీస్తే పొరలు గీత గీసినట్టున్నాయి. మొదటి చెంచా తనకే పెట్టాను. నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది.

"ఎట్లుండాది మే? నిజం చెప్పు."

"బాగుండాది. ఎత్తుకో, పొద్దుపోతాంది."

లైబ్రరీలో పదకొండు మంది ఉన్నారు. మొదట డాక్టరు గారి భార్య నోట్లో పెట్టుకున్నారు. మరుక్షణమే కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు.

"ఇదేందమ్మా, రొయ్యల పాయసమా?" అన్నారు వెనక్కి తిరిగి.

అందరూ నవ్వారు. మాలాంటి వాళ్లకు ఆ నవ్వు కొత్త కాదు, తట్టుకునేదాన్నే. అంతలో పక్క నుంచి నా స్నేహితురాలు అనింది: "నాకు ఇంటికాడ్నే తెలిసిందిలే అక్కా. నోట్లో పెట్టుకోంగానే కొట్టింది వాసన." అని తనూ నవ్వింది.

పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలో పెరిగిన ముక్కు నాది. దానికి తెలియదు. పెరుగు పక్కనున్న వాసనను పీల్చుకుంటుందని నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ వాసన తెలిసిన మనిషి నా ఎదురుగానే నిలబడి బాగుందని చెప్పింది.

తాళాలు ఎవరికివ్వాలని ఆ రోజు పెద్దగా మాట్లాడుకోలేదు. "చదువుకున్న పిల్ల ఉండనే ఉంది గదా" అన్నారు డాక్టరు గారి భార్య. స్నేహితురాలు తల వంచుకుని తాళాలు తీసుకుంది. గిన్నె కడిగి వాళ్లింటికి తీసుకెళ్లి ఇవ్వబోతే వాళ్లమ్మ గుమ్మంలోనే ఆపి, "నువ్వే పెట్టుకోమ్మా" అంది.

రెండు శుక్రవారాలు వెళ్లలేదు. మూడో వారం వెళ్లాను. మూడో అర దగ్గర ఆగిపోయి ఉన్నాను మరి.

తను పుస్తకం తీసి, గడువు తేదీ ముద్ర వేస్తూ గొంతు తగ్గించింది. "చెప్తే నొచ్చుకుంటావని చెప్పలేదు మే."

"నా ముక్కుకు తెలీదని నీకు తెలుసు గదా?"

తను పుస్తకం నా వైపు తోసింది. ముద్ర సగమే పడింది.

"సరిగ్గా పళ్లేదు. ఇంకోసారి వెయ్యి" అన్నాను.

వేసింది. ఆ తర్వాత నాలుగేళ్లు, మూడో బీరువా చివరి అరదాకా, ప్రతి పుస్తకమూ తన చేతి మీదుగానే తీసుకున్నాను. ఆ రోజు అనుకున్నవి తప్ప మా మధ్య ఇంకో మాట నడవలేదు. గాజు గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. అందులో ఇప్పటికీ పెరుగు తోడుపెట్టను.