రిపోర్టులో కొట్టేసిన వాక్యాలు

మొన్న బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అక్క ఇంటికి వెళ్తే, సోషల్ వర్క్ చదువుతున్న ఆమె మనవరాలు హాల్లో కూర్చుని ఫీల్డ్ వర్క్ డైరీ రాసుకుంటోంది. ఆ రోజు ఎవరింటికి వెళ్లి ఏం చూసిందో ఒక పేజీలో, అది చూసి తనకేమనిపించిందో పక్క పేజీలో రాయాలట. వినగానే, అరవై దాటిన ఈ వయసులోనూ నా పాత రిపోర్టు ఒకటి గుర్తొచ్చింది.

మా రోజుల్లో ఆ పక్క పేజీ లేదు. ఊరి శివార్లలోని కాడుగోడి ఇంకా పల్లె వాసన వదలని ఆ కాలంలో, ఇదే చదువులో భాగంగా వారానికి రెండు రోజులు నన్నక్కడికి పంపేవారు. అక్కడ ఊదుబత్తీలు చుట్టి బతికే ఒకామె ఉండేది. నా వయసుదే, చంకలో ఏడాది బిడ్డ, అయినదానికీ కానిదానికీ చెయ్యి చేసుకునే మొగుడు. సోమవారం అతను పనికి పోగానే హోసూరులోని అక్క దగ్గరికి వెళ్లిపోతానని, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆమె కన్ను వాచి మూసుకుపోయి ఉంది. అంతలో అతనే వచ్చి, నన్ను చూసి వెటకారంగా నవ్వాడు. ఆ నవ్వుకి ఎక్కడలేని కోపం వచ్చి, ఇంకెన్నాళ్లు కొడతావు, సోమవారం నుంచి ఈమె నీ చేతికి దొరకదు అనేశాను.

అతను నన్ను భుజం పట్టి గడప బయటికి నెట్టి, లోపల గడియ పెట్టుకున్నాడు. ఏదో కింద పడ్డ చప్పుడు, బిడ్డ ఏడుపు, కాసేపటికి ఆ ఏడుపూ ఆగిపోయింది. పక్కింటి ముసలామె రోకలి పట్టుకొచ్చి, తలుపు బాదుతూ "తలుపు తీయప్పా, లోపల బిడ్డ ఉండాది" అని అరిచేదాకా అలాగే నిలబడిపోయాను. వీధంతా పోగయ్యాక గడియ తీశాడు. ఆమె బిడ్డను గుండెకు అదుముకుని బయటికొచ్చింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. బిడ్డకేమీ కాలేదు. ఆ సాయంత్రమే ముసలామె వాళ్లను బస్సెక్కించడానికి తీసుకెళ్తే, నేనూ దూరంగా వెనకాలే నడిచాను. ఎక్కబోతూ ఆమె నావైపు తిరిగి, "నీ కోపానికి దెబ్బలు తినింది నేను కదక్కా" అంది, నెమ్మదిగా, తిట్టినట్టు కూడా కాకుండా.

కోపం పట్టలేక నోరు జారాననీ, ఆ తర్వాత భయంతో కొయ్యబారిపోయాననీ ఆ వారం రిపోర్టులో అంతా రాశాను. మా లెక్చరర్ చెడ్డవారేమీ కాదు, మాకందరికీ ఆయనంటే గౌరవమే. ఆ వాక్యాల మీద ఎర్రసిరాతో గీత గీసి, ఇక్కడ నీ సంగతి అనవసరం, క్లయింటు గురించి మాత్రమే రాయమన్నారు. క్లయింటు తన సోదరి ఇంటికి మారినది అని తిరగరాశాను. మార్కులు బాగానే వచ్చాయి. తర్వాత చాలా ఏళ్లు నేనూ ఆ పాఠాలే చెప్పాను, పిల్లల రిపోర్టుల మీద నేనూ అలాగే గీతలు గీశాను.

ఇప్పుడు మనవరాలి క్లాసులో ఫీల్డు నుంచి వచ్చినవాళ్లని గుండ్రంగా కూర్చోబెట్టి, భయమేసిందా అని అడుగుతున్నారంటే సంతోషంగానే ఉంది, కొంచెం అసూయగానూ ఉంది. మా బ్యాచ్‌లో ఇద్దరు ఫీల్డుకి వెళ్లలేక మధ్యలోనే చదువు మానేస్తే, ఈ పనికి అంత మెత్తని మనుషులు పనికిరారని మేమంతా తేల్చేశాం. వాళ్లు ఏ ఇంట్లో ఏం చూసి వచ్చారో మాలో ఒక్కరమూ అడగలేదు.